అచ్చులో పోసిన వాన

దేవరకొండ దగ్గరి ఒక తండా బడిలో నాలుగో తరగతి పిల్లలకు "వాన మీద కవిత రాయండి" అని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. ముప్పావుగంట గడిచాక నోటుపుస్తకాలు నా ముందుకొచ్చాయి. చాలావాటిలో "వాన" అనే ఒక్క మాట, దాని కింద శ్రద్ధగా వేసిన గొడుగు బొమ్మ. ఒకడు పాఠ్యపుస్తకంలోని గేయం మొదటి పాదాన్ని ఎక్కించాడు, అందులోనూ రెండు దీర్ఘాలు ఎగిరిపోయాయి. మాటలు రాని పిల్లలేమీ కారు. లంబాడీలో మొదలుపెడితే ఎదుటివాడికి సందు ఇవ్వరు. అడగడం తెలియనిది నాకే.

మర్నాడు నల్లబల్ల మీద మూడు పంక్తులు రాశాను.

కురిసిన వాన
కురిసే వాన
కురవని వాన

చప్పట్లు కొడుతూ నాలుగుసార్లు చదివించాను. తర్వాత "కురియు" తీసేసి "తడుపు" ఇచ్చాను. తడిపిన వాన, తడిపే వాన, తడపని వాన. "ఆగు" ఇస్తే ఆగిన, ఆగే, ఆగని. అప్పటికి తరగతిలో ఊపు వచ్చింది. "వచ్చు" అన్నాను. వచ్చిన వాన, వచ్చే వాన... "వచ్చని వాన" అని ఒక గొంతు లేచింది. వెంటనే నలుగురైదుగురు నవ్వారు. తప్పని వాళ్ళ చెవికి తెలిసింది కానీ ఒప్పేమిటో నోటికి రావడం లేదు. చివరికి వెనక బెంచీ నుంచి "రాని వాన" అని వినిపించింది. "వచ్చు" అనే క్రియ కాదనేటప్పుడు "రా" అవుతుందన్న సంగతిని వ్యాకరణ పుస్తకం ఒక పేజీలో చెబుతుంది. వాళ్ళు దాన్ని ఒక పంక్తిలో పట్టుకున్నారు.

ఇప్పుడు ప్రతి పంక్తి పక్కన సొంతమాట ఒకటి కలపమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది:

వచిన వాన, మా పత్తి మీద పడింది
వచ్చే వాన, అమ్మ ఆకాశం చూస్తుంది
రాని వాన, నాన్న బొంబాయి వెళ్ళాడు

మొదటి పంక్తిలో చవత్తు పోయింది. ఆ రోజు నేను దాన్ని ముట్టుకోలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

భాష నేర్చుకునే దశలో ఉన్నవాళ్ళ నెత్తిన రెండు బరువులుంటాయి: ఏం చెప్పాలన్నది ఒకటి, ఎలా చెప్పాలన్నది మరొకటి. "కవిత రాయండి" అంటే రెండూ ఒకేసారి ఎత్తమన్నట్టు. ముందే ఒక వాక్యపు అచ్చు ఇస్తే రెండోది చాలావరకు దిగిపోతుంది, మొదటిదాని మీద మనసు పెట్టడానికి వీలవుతుంది. పాలమూరు నుంచి ఇటుక బట్టీలకు వెళ్ళినవాళ్ళను అడగండి, అచ్చు ఉన్నందువల్ల మట్టి ఎవరికీ తగ్గదు. కవిత్వం స్వేచ్ఛగా పుట్టాలి, అచ్చు పెడితే చచ్చిపోతుంది అనే పెద్దలు నాకు తెలుసు. వాళ్ళు తెలుగులో పుట్టి పెరిగినవాళ్ళు. స్వేచ్ఛ వాళ్ళకు ఎప్పుడో వచ్చేసింది కాబట్టి ఆ మాట అనగలుగుతున్నారు.

అయితే ఏ అచ్చు? గొడవంతా ఇక్కడే ఉంది. టీచర్లకు శిక్షణలో చెప్పే నమూనాలు ఎక్కువగా ఇంగ్లీషు తరగతి గదుల నుంచి వచ్చినవి. వాటిని తెలుగులోకి దించితే కొన్ని చక్కగా కూర్చుంటాయి, కొన్ని విరుగుతాయి. ఎక్కడ విరుగుతాయో చూస్తే తెలుగు కీళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

సింక్వెయిన్ అనే ఐదు పాదాల కవితను తీసుకుందాం. అమెరికా కవయిత్రి అడిలైడ్ క్రాప్సీ దీన్ని పాదానికి 2, 4, 6, 8, 2 చొప్పున అక్షరాలు లెక్కపెట్టి రాసింది. 1914లో ఆమె చనిపోయింది. తర్వాత బడులవాళ్ళు దాన్ని పిల్లలకు సులువు చేసి మాటల లెక్కకు మార్చారు: ఒక నామవాచకం, రెండు విశేషణాలు, మూడు క్రియలు, నాలుగు మాటల వాక్యం, చివర మళ్ళీ ఒక మాట. తెలుగులో దీనికి రెండో పాదంలోనే దెబ్బ తగులుతుంది. మనకు పుట్టు విశేషణాలు తక్కువ. నల్ల, తెల్ల, పెద్ద, చిన్న, కొత్త, పాత అనేసరికి సంచీ ఖాళీ అవుతుంది. మిగిలినవి ఎక్కువగా నామవాచకానికి "ఐన" తగిలించి చేసుకునేవే. అందుకే పువ్వు మీద రాయమంటే తరగతి తరగతంతా "అందమైన పువ్వు" అని రాస్తుంది. నేను ఒక ఏడాది పాటు "అందమైన" మాటను నా తరగతిలో నిషేధించాను. పిల్లలు "సుందరమైన" తెచ్చారు.

అసలైన విశేషణాల గని క్రియల్లో ఉంది. కురిసిన, కురిసే, కురవని. బడి వ్యాకరణం వీటిని క్రియాజన్య విశేషణాలంటుంది. ఉర్దూ మాట్లాడేవాడు "జో" (ఏదైతే) అని మొదలుపెట్టి ఒక చిన్న వాక్యం అల్లి చెప్పేదాన్ని తెలుగు క్రియ చివర ఒక్క ముడిలో బిగిస్తుంది. జరిగింది, జరిగేది, జరగనిది, మూడూ ఒకే చోట. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు తడబడేదీ అక్కడే, పట్టుకున్నాక ఎగిరేదీ అక్కడి నుంచే. వాన మీది మూడు పంక్తులు అందుకే ఎంచుకున్నాను. సింక్వెయిన్ రెండో పాదంలో కూడా వీటినే పెట్టించాక అది నిలబడింది. ఆరో తరగతి పిల్లలంతా కలిసి నల్లబల్ల మీద కట్టినది ఒకటి:

చెరువు
ఎండిన, పగిలిన
వెతుకుతూ, తవ్వుతూ, మోస్తూ
మా బిందెకు సగమే నీళ్ళు
నింపలేకపోయాం

చివరి పాదం చూడండి. ఒక్క మాట ఉండాలన్నది నియమం. తెలుగులో ఒక్క మాటంటే ఎంత? "నింపలేకపోయాం"లో పని ఉంది, చేతకాకపోవడం ఉంది, అయిపోయిన కాలం ఉంది, "మేం" ఉంది. ఇంగ్లీషులో ఒక్క మాటతో ముగించమంటే మొదటి పాదంలోని నామవాచకానికి పర్యాయపదం వెతుక్కోవాలి. ఇక్కడ పిల్లలు ఒక క్రియ మీద ప్రత్యయాలు పేర్చి ఇల్లు కట్టేస్తారు. మాటల లెక్క తెలుగుకు కుదరదని కొందరంటారు. నేను ఒప్పుకోను, ఆ లెక్క మనకు అనుకోకుండా మేలు చేస్తుంది.

మూడు పాదాల జపాన్ కవిత హైకూ సంగతి వేరు. జపాన్‌లో 5, 7, 5 అని లెక్కపెట్టేది మన అక్షరానికి కాదు, మాత్రకు, అంటే పలకడానికి పట్టే కాలపు కొలతకు దగ్గర. దీర్ఘానికి రెండు, ద్విత్వంలో మొదటి సగానికి ఒకటి వేస్తారు. మనం దాన్ని అక్షరాల లెక్కలోకి మార్చి పదిహేడు అనుకుంటున్నాం. కవులకు అది ఇబ్బంది కాకపోవచ్చు. నేర్చుకునేవాళ్ళకు మాత్రం పెద్ద నష్టం, ఎందుకంటే తెలుగు వినికిడిలో అసలు కిటుకు మాత్రలోనే ఉంది. గడి, గాడి, గడ్డి, మూడింటికీ అక్షరాలు రెండేసి. మొదటిది దొర ఉండే చోటు, రెండోది పశువుకు మేత వేసే చోటు, మూడోది ఆ మేత. మాత్రల్లో మొదటిదానికి రెండు, మిగతా రెంటికీ మూడేసి.

ఇప్పుడు ఆ అమ్మాయి "వచిన" దగ్గరకు వద్దాం. ఎర్రసిరాతో చవత్తు పెట్టి ఇచ్చి ఉంటే ఆ పంక్తి వరకు దిద్దుకునేది. నేను మరుసటి వారం చప్పట్ల ఆట పెట్టాను. లఘువుకు ఒక చప్పట్టు, గురువుకు రెండు. దీర్ఘం ఉంటే గురువు, ద్విత్వానికి గానీ సంయుక్తానికి గానీ ముందున్న అక్షరం గురువు. ఇంతకు మించి ఛందస్సు చెప్పలేదు. "వచిన" అంటే మూడు చప్పట్లు, "వచ్చిన" అంటే నాలుగు. "నువ్వు రాసినది చదువు, నువ్వు పలికేది కొట్టు" అన్నాను. చదివింది, కొట్టింది, ఆగింది, పుస్తకం తెరిచి తనే దిద్దుకుంది. ఒత్తులు ఎందుకు పెట్టాలో ఏళ్ళ తరబడి చెప్పినా ఎక్కని విషయం చేతులకు ఎక్కింది.

అంత్యప్రాస గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియకు ప్రత్యయం తగులుతుంది, కాబట్టి ప్రాస దానంతటదే పడుతుంది. "వచ్చింది, పోయింది, పడింది, లేచింది" అని రాసిన పిల్లవాడు కష్టపడలేదు, కొత్తమాట ఒకటీ వెతకలేదు. చౌకగా దొరికేది ఏమీ నేర్పదు.

మన పద్యానికి ఉన్న ప్రాస అలా కాదు, అది పాదంలో రెండో అక్షరం మీద ఉంటుంది. నల్లగొండ పేరే ఒక పాఠం. నల్ల అనగానే తల్లి, చెల్లి, పల్లె, పిల్లి, బల్ల, మల్లె, ముల్లు, కల్లు, జల్లు, చల్ల బయటికొస్తాయి. ద్విత్వంతో మొదలుపెట్టడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. ప్రాస నియమం ప్రకారం మొదటి అక్షరాల గురులఘువులూ కలవాలి. ద్విత్వం ముందు అక్షరం ఎలాగూ గురువే కాబట్టి ఆ నియమం చెప్పకుండానే తీరిపోతుంది. మా తరగతిలో ఒక పిల్లవాడు కట్టినది:

నల్లగొండ బస్సు వచ్చింది
తల్లి ఎక్కింది
పిల్లి ఎక్కింది
బల్ల ఎక్కలేదు

దీన్ని కవిత అనాలా అని ఒక తోటి ఉపాధ్యాయుడు అడిగారు. అనకపోయినా నష్టం లేదు. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా "ల్ల" వెతుక్కుంటూ వెళ్ళాడు.

నాలుగు పాదాల మొదటి అక్షరాలు కలిపితే పేరు వచ్చే ఆటను ఇంగ్లీషు నుంచి తెచ్చి నల్లగొండ మీద ప్రయత్నిస్తే రెండో పాదంలోనే బోర్లా పడతాం. "ల్ల"తో మొదలయ్యే మాట ఎక్కడ దొరుకుతుంది? ణ, ళ వచ్చినా అంతే. దాని బదులు గుణింతం పెట్టండి. పలక తుడిచాను, పాట పాడాను, పిల్లిని పిలిచాను, పీట వేశాను, పులి అన్నాను, పూలు ఇచ్చాను. గుణింతం తెలుగు పిల్లలకు ఎంత విసుగు పుట్టిస్తుందో, మొదటి ఏడాది నేర్చుకునేవాళ్ళకు అంత పనికొచ్చే మెట్లదారి.

బతుకమ్మ పాట కట్టే పద్ధతిని బడిలోకి తెచ్చుకోవచ్చని నాకు ఆలస్యంగా తట్టింది. ఒకరు పాదం అందుకుంటారు, చుట్టూ తిరిగేవాళ్ళంతా "ఉయ్యాలో" అని కలుపుతారు. పల్లవి అందం కోసమని అనుకునేవాణ్ణి. తరగతిలో చూశాక తెలిసింది, అది ఆలోచించుకునే వ్యవధి. మిగతావాళ్ళు "ఉయ్యాలో" అంటున్నంతసేపూ తర్వాతి పిల్లకు తన పాదం వెతుక్కునే సమయం దొరుకుతుంది. ఒంటరిగా నిలబెట్టి "చెప్పు" అంటే బిగుసుకుపోయే పిల్ల ఆ గుండ్రంలో చెప్పేస్తుంది. తండా పిల్లలకు ఈ తిరుగుడు కొత్త కాదు. తీజ్ పండుగలో గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలు వాళ్ళకు ఉన్నాయి. భాష మారుతుంది గానీ ఊపిరి తీసుకునే చోటు అదే.

మరి మన సొంత ఛందస్సు సంగతి? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ద్విపద ఈ నేల మీద పెరిగినది. 13వ శతాబ్దంలో కాకతీయుల కింద పాలమూరు సీమలోని వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంవాడు బుద్ధారెడ్డి. ఆయన పేర ప్రసిద్ధమైన రంగనాథ రామాయణం అంతా ద్విపదే. రెండే పాదాలు. గణమంటే గురులఘువుల గుంపు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొదటి గణం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని కలవాలి. రెండు పాదాలకూ ప్రాస. చెప్పుకుంటే ఇంతే, చాలా సరళంగా ఉంది. తరగతి కోసం నేనే ఒకటి కట్టాను:

పల్లెలో వానలు పడినట్టి నాడు
తల్లి మా చేనిలో తట్టతో నిలిచె

గణాలు వేసి చూడండి. పల్లెలో అన్నది ర గణం, వానలు భ, పడినట్టి సల, నాడు హ. యతి ప-ప. రెండో పాదంలో ర, ర, ర, చివర న, యతి త-త. ప్రాస "ల్ల". లెక్క సరిపోయింది. కానీ "పడినట్టి" అని ఎవరంటారు? "పడిన" అంటే మూడు లఘువులు, ఇంద్రగణం కాదు, గణం కోసం "ట్టి" తగిలించాను. "నిలిచింది" అంటే చివర సూర్యగణం రాదు, అందుకని "నిలిచె". లెక్క కోసం రెండు చోట్ల నేను వాడుక తెలుగును వదిలేశాను. తెలుగు చెవిలో ఉన్నవాడు "నిలిచె" వినగానే పద్యభాష అని గుర్తుపట్టి పక్కన పెట్టుకుంటాడు. నేర్చుకునేవాడికి ఆ తేడా తెలియదు, మర్నాడు సంతలో "బస్సు నిలిచె" అంటాడు. అందుకే నా తీర్పు: ద్విపదను వినిపించండి, పాడించండి, చప్పట్లతో విడదీయించండి. రాయించడానికి తొందరపడకండి. వాడుక భాషలో రెండు మూడేళ్ళు నలిగాక అడిగితే వాళ్ళే కడతారు.

పెద్దవాళ్ళకు ఈ అచ్చులు పనికొస్తాయా అని అనుమానపడేవాణ్ణి. 2018లో రాష్ట్రంలోని బడులన్నింటిలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, పిల్లల తెలుగు పుస్తకం ఇంట్లో చదవలేక ఇబ్బందిపడే తల్లిదండ్రులు కనిపించసాగారు. మహబూబ్‌నగర్‌లో కొద్దిమంది ఉర్దూ మాట్లాడేవాళ్ళకు సాయంత్రాలు తెలుగు చెప్పాను. వాళ్ళు బజారు తెలుగు ధారాళంగా మాట్లాడతారు. చిక్కు వేరేచోట ఉంది. ఒక ఆటో నడిపే ఆయన వచ్చీ రాగానే ఉత్సాహంగా "సార్, మనం నిన్న వలీమాలో బిర్యానీ తిన్నాం" అన్నాడు. "నేను తినలేదు భాయ్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఉర్దూలో "హమ్" ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకున్నా, బయట నిలబెట్టినా అదే మాట. తెలుగులో "మనం" అన్నామంటే విస్తరి వేసి కూర్చోబెట్టినట్టు, "మేం" అంటే తలుపు అవతల ఉంచినట్టు. నియమం వివరించాను, తల ఊపారు, మళ్ళీ అదే తప్పు. అప్పుడు మూడు పంక్తుల అచ్చు ఇచ్చాను: మేం, మీరు, మనం. పది నిమిషాల్లో ఆయన రాసింది ఇది:

మేం పాత బస్టాండు దగ్గర ఉంటాం
మీరు కొత్త బస్టాండు దగ్గర ఉంటారు
మనం చాయ్ దగ్గర కలుద్దాం

"ఉంటాం" నుంచి "కలుద్దాం"కు వెళ్ళమని ఆయనకు నేను చెప్పలేదు. మూడో పంక్తిలో ఇద్దరూ కలిశారు కాబట్టి క్రియ కూడా పిలుపుగా మారాలని ఆయనకే తోచింది. ఆ తర్వాత "మనం" విషయంలో ఆయన తప్పు చేయగా నేను వినలేదు. "ఫోను వచ్చాడు" మాత్రం ఇప్పటికీ అంటాడు. ఉర్దూలో ఫోను మగవాడు మరి, దానికి ఇంకో అచ్చు కావాలి.

దిద్దడం గురించి ఒక మాట చెప్పాలి. ఒక అచ్చు ఒక ముడిని విప్పడానికి పెడతాం. ఆ రోజు ఆ ముడి మాత్రమే దిద్దాలి. "రాని" నేర్పే రోజున చవత్తు జోలికి వెళ్తే, పేజీ ఎర్రబడుతుంది, పిల్లవాడు తర్వాతిసారి గొడుగు బొమ్మ వేస్తాడు. ఇది చెప్పినంత తేలిక కాదు. కళ్ళ ముందు తప్పు కనిపిస్తుంటే కలం ఆపుకోవడం తెలుగు పండితులకు ప్రాణం మీదకు వచ్చినట్టుంటుంది.

ఇంకో ప్రమాదం ఉంది. అచ్చు పాతబడితే ఖాళీలు పూరించండి ప్రశ్నగా మారిపోతుంది. నలభై పుస్తకాల్లో నలభై ఒకేలాంటి కవితలు వస్తే పిల్లల ఊహను తప్పుపట్టకండి. మీరు ఇచ్చిన నామవాచకాన్ని చూసుకోండి. చందమామ, ఆకాశం, పువ్వు ఇస్తే పాఠ్యపుస్తకం తిరిగొస్తుంది. బోరు, పత్తి, బత్తాయి తోట, డిండి బస్సు ఇవ్వండి. "పడిన బోరు, పడే బోరు, పడని బోరు" అని ఇస్తే మర్రిగూడ వైపు ఏ ఇంటి పిల్లవాడైనా మిమ్మల్ని కూర్చోబెట్టి చెబుతాడు.

అచ్చు పని అయిపోయిందనడానికి గుర్తు, పిల్లలు దాన్ని విరగ్గొట్టడం. వాన మీద మూడు పంక్తులు రాసిన అమ్మాయి రెండు నెలల తర్వాత, ఎవరూ అడగకుండానే, నోటుపుస్తకం చివరి పేజీ తెచ్చి చూపించింది. వాన తీసేసింది. పై పంక్తి ఖాళీగా ఉంది, గీత మాత్రం గీసి పెట్టింది. కింద రెండు పంక్తులు.

____________
వచ్చే నాన్న
రాని నాన్న

"పైది మరిచిపోయావు" అన్నాను.

"మరిచిపోలేదు సార్, తర్వాత రాస్తాను" అంది.